ముత్తప్ప టెంటులో మసక బొమ్మలు

సినిమా గురించి నాకు తెలిసినంత కెలమంగలంలో ఇంకెవరికీ తెలియదని 1981 ఆగస్టు దాకా మనస్ఫూర్తిగా నమ్మాను. నేనొక్కణ్నే కాదు, ఊరు కూడా నమ్మింది. ముత్తప్ప టెంటులో శుక్రవారం బొమ్మ మారుతుంది. మొదటి ఆటకు నేనుంటాను. శనివారం పొద్దున నా చిల్లర అంగడికి వచ్చినవాళ్లు పప్పు, బెల్లం తర్వాత అడుగుతారు. ముందు అడిగేది, "ఏమి సెట్టీ, బొమ్మ ఎట్లుంది?" అనే.

ఊరికే అడగరు. చుట్టుపక్కల అందరూ పట్టుపురుగులు మేపేవాళ్లే. పురుగు ఆకు తింటున్నన్నాళ్లూ ఇల్లు వదిలి కదలడానికి లేదు. పురుగు నిద్రకు పోయిన రోజు మాత్రం ఆకు వేసే పనుండదు. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని సినిమాకు వస్తారు. నెలలో అలాంటి సాయంత్రాలు మూడో నాలుగో దొరుకుతాయి. వాటిని చెత్త బొమ్మకు పోగొట్టుకోవడం ఎవరికిష్టం? అందుకని నా మాటకు విలువ ఉండేది. ఆ విలువ నా తలకెక్కింది కూడా.

నా అభిప్రాయాలు తక్కువేమీ కాదు. ఇప్పటి కుటుంబ కథల్లో ఆడమనిషి ఏడవాల్సినప్పుడు ఏడవదు, కొళాయి తిప్పి ఊరుకుంటుంది, మనమే ఏడవాలి. అది మంచి మార్పే. క్రైము బొమ్మల్లో హంతకుడెవరో కనిపెట్టడం సులువు: బొమ్మలో ఏ పనీ లేకుండా అందరికీ కాఫీ అందిస్తూ తిరిగే మనిషి ఎవరో చూడాలి, అంతే. అన్నిటికంటే పెద్దది నా మసక సిద్ధాంతం. రెండేళ్లుగా వస్తున్న బొమ్మల్లో మొహాలు కాస్త చెదిరినట్టు, వెలుతురు తగ్గినట్టు ఉంటున్నాయి. అది కొత్త తరం కెమెరా పద్ధతి అని తేల్చాను. మనసులో అనుమానం ఉన్నవాడికి లోకం మసకగానే కనపడుతుంది కదా, దాన్నే తెర మీద చూపిస్తున్నారని అంగడి ముందు అరగంట ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. హోసూరు నుంచి వచ్చిన నా బావమరిది బాలసుబ్రమణ్యం ఒకసారి, "మా ఊళ్లో అదే బొమ్మ అద్దం మాదిరి ఉండింది కదా బావా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "మీ ఊరోళ్లకు అర్థం కాదని మామూలు ప్రింటు పంపినారు" అన్నాను. వాడు నన్ను జాలిగా చూశాడు. వాడికి రసికత లేదని నా భార్య తారతో చెప్పాను. తార దోసె తిరగేసుకుంటూ, "వానికి కండ్లున్నాయి గదా" అంది. అప్పుడు నాకది ఎగతాళిగానే వినపడింది.

ఆ ఆగస్టులో ఒక క్రైము బొమ్మ వచ్చింది. ఎస్టేటు బంగళా, చనిపోయిన కోడలు, మాట్లాడని అత్తగారు, ఒక ఇన్‌స్పెక్టరు. మొదటి ఏడు రీళ్లు ఊపిరి బిగబట్టి చూశాం. ఎనిమిదో రీలులో ఇన్‌స్పెక్టరు మెట్ల మీద నుంచి పడి చచ్చిపోయాడు, హంతకుడెవరో బయటపడిపోయింది. ముత్తప్ప దగ్గర ఒకటే ప్రొజెక్టరు మిషను కాబట్టి ప్రతి రీలుకూ ఆగాల్సిందే. మళ్లీ వెలిగేసరికి ఆ చచ్చిన ఇన్‌స్పెక్టరు వరండాలో కూర్చుని కాఫీ తాగుతూ, "హంతకుడెవరో నాకింకా తెలియలేదు" అంటున్నాడు. నేల మీద కూర్చున్నవాళ్లు ఈలలు మొదలుపెట్టారు. ఆడవాళ్ల వైపు నుంచి చెన్నమ్మ గట్టిగా అరిచింది: "చచ్చినోడు కాఫీ తాగతా ఉండాడు, చూడండమ్మా!" టెంటు టెంటంతా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. రీళ్లు తారుమారయ్యాయని వెంటనే తెలిసింది. ఆ సంగతి ఊరికంటే ముందు నేను కనిపెట్టానన్న గర్వంతో ఆ రీలు అయిపోగానే క్యాబిన్ నిచ్చెన ఎక్కాను.

క్యాబిన్‌లో ఆపరేటరు అంజనప్ప ఒక్కడే ఉంటాడు. ఇరవై రెండేళ్లుగా అదే మిషను దగ్గర ఉన్నాడు. నాకంటే పదేళ్లు పెద్ద, అన్నా అని పిలుస్తాను. "అన్నా, ఇంతకు ముందు ఎనిమిదని వేసింది ఎనిమిదో రీలు కాదు" అన్నాను.

"లేదప్పా. ఎనిమిదే. డబ్బా మింద ఉండాదే" అంటూ ఖాళీ డబ్బా చూపించాడు. నిజమే, దాని మీద తెల్ల పెయింటుతో అరచేయంత ఎనిమిది రాసుంది. ముందు ఊళ్లో ఆడించిన వాళ్లు రీళ్లను ఒకదాని డబ్బాలో ఒకటి పెట్టి పంపారన్నమాట. కానీ డబ్బాను నమ్మి రీలు ఎక్కించే ఆపరేటరు ఉండడు. రీలు మొదట్లో బొమ్మ లేని ఫిల్ము కొంత ఉంటుంది, దాని మీద నెంబరు ఉంటుంది. దాన్ని దీపానికి అడ్డంగా పట్టి చూశాకే ఎక్కిస్తారు. అంజనప్ప అలా చూడటం నేనే వందసార్లు చూశాను.

ఎనిమిదని ఆడిన రీలును అప్పటికే తిరిగి చుట్టి పక్కన పెట్టాడు. దాని కొస లాగి ఆయన చేతికిచ్చాను. ఆయన దీపానికెత్తి, తల వాల్చి, చాలాసేపు చూశాడు.

"ఎనిమిదే కదప్పా" అన్నాడు.

నల్ల ఫిల్ము మీద తెల్లగా, నా చిటికెన వేలంత ఎత్తున, పదకొండు కనపడుతోంది.

నేనాయన మొహం వైపు చూశాను. రెండు కళ్ల నల్లగుడ్ల మీదా పాల మీగడలా ఏదో పరుచుకుని ఉంది. ఇన్నాళ్లూ క్యాబిన్ చీకటిలో దాన్ని ఎవరూ చూడలేదు. బొమ్మను సరిచేయడానికి లెన్సు తిప్పేది ఆ కళ్లే. వెలుగు చాలుతోందో లేదో చూసి, మిషనులో దీపంలా మండే కార్బన్ కడ్డీలు దగ్గరకు జరిపేదీ ఆ కళ్లే. అంటే మసక కెమెరాది కాదు. రెండేళ్లుగా నేను అంగడి ముందు ఉపన్యాసాలిచ్చింది ఏ కొత్త తరం పద్ధతి గురించీ కాదు, అంజనప్ప కంటిపొర గురించి. సిగ్గేసింది.

సిగ్గు వెనకే భయం వచ్చింది. పక్కన కార్బన్ నిప్పు భగభగమంటోంది. కింద గుడారం గుడ్డ, చుట్టూ తాటాకు తడికలు, మూడు వందల మంది. ఫిల్ము ఇరుక్కుంటే క్షణంలో అంటుకుంటుంది. దాన్ని చూసి ఆపాల్సిన మనిషికి అరచేయంత అంకె తప్ప కనపడదు.

"ఎన్నాళ్లనుంచి అన్నా?" అన్నాను.

ఆయన ఇక బుకాయించలేదు. "రెండేండ్లు. ముత్తప్పకు చెప్పద్దప్పా. నాకు ఇంకో పని తెల్దు. ఇంట్లో నా పెండ్లాం వెంకటమ్మకు గూడా చెప్పలేదు."

"ఆపరేషను చేస్తారు కదా, కృష్ణగిరి ఆస్పత్రిలో."

"మా అన్నకు చేసినారు. కట్టు విప్పినాక ఉండే చూపు గూడా పోయింది. ఈ మసకైనా ఉండనీ." ఫిల్ము మీది నుంచి చేయి తీయకుండా అన్నాడు. "ఇది పోతే నేను యాడికి పోవల్ల?"

నేను మిగిలిన రీళ్ల నెంబర్లు చూసి, వరసగా పెట్టి దిగాను. అసలు ఎనిమిది పదకొండో డబ్బాలో దొరికింది, కానీ అప్పటికే కథ చెడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెబితే ఆ మనిషి బతుకు పోతుంది. చెప్పకపోతే, రేపటి ఆటలో ఎవరి పిల్లలకు ఏమవుతుందో. పక్కన తార రెండుసార్లు లేచి, "ఏమైంది?" అంది. కడుపులో మంట అని చెప్పాను.

పొద్దున అంగడి తలుపులు తీసేలోపే ముత్తప్ప వచ్చాడు. ఎప్పుడూ లేనిది, అంగడి బల్ల మీద కూర్చున్నాడు. "నిన్న జనం నా మొగం మిందనే నవ్విరి. నువ్వు బొమ్మలు తెలిసినోడివి, నిజం చెప్పు సెట్టీ. తప్పు బొమ్మదా, మనిషిదా? మనిషిదైతే కృష్ణగిరిలో ఒక ఆపరేటరు ఉండాడు, సోమవారమే పిలిపిస్తా."

అప్పటికే పురుగులవాళ్లు నలుగురు చేరారు. వాళ్లలో మునెప్ప ఖాళీ సంచి పట్టుకుని నా నోటి వైపే చూస్తున్నాడు. ఆ రోజే వాళ్ల పురుగులు నిద్రకు పోతాయి.

"తప్పెవరిదీ కాదు" అన్నాను. "అది కొత్త పద్ధతి. ముందే హంతకుణ్ని చూపించేసి, తర్వాత కథ వెనక్కి పోతుంది. ఇప్పుడు క్రైము బొమ్మలన్నీ అట్లే తీస్తా ఉండారు."

జీవితంలో నేనిచ్చిన అభిప్రాయాలన్నిటిలో అబద్ధమని తెలిసి ఇచ్చింది అదొక్కటే. అదే అందరికీ నచ్చింది. మునెప్ప తలూపాడు. ముత్తప్ప లేచి, "అంతేనా, నేనేమో అనుకుంటిని" అంటూ పోయాడు.

సాయంత్రం మొదటి ఆటకు అరగంట ముందే క్యాబిన్‌కు వెళ్లాను. పద్నాలుగు రీళ్ల కొసలూ చూసి వరసగా పేర్చాను. లెన్సు తిప్పడం ఎలాగో ఆయన నా చేయి పట్టుకుని చూపించాడు. ఆట మొదలయ్యాక ఒక వెంట్రుకవాసి తిప్పేసరికి తెర మీద ఆ బంగళా కిటికీ ఊచలు కూడా విడివిడిగా లెక్కపెట్టేంత తేటగా వచ్చాయి. కింద జనం, "ఓహో" అన్నారు. ఇన్నాళ్లూ ఎంత పోగొట్టుకున్నామో అప్పుడు తెలిసింది.

అయినా నాకు భయం తగ్గలేదు. బొమ్మ చూడటం మానేసి నిప్పునే చూస్తూ నిలబడ్డాను. ఆరో రీలు మధ్యలో అంజనప్ప చటుక్కున చేయి చాచి వెలుగుకు అడ్డంగా రేకు దించేశాడు. తెర నల్లబడింది. నాకేమీ అర్థం కాలేదు. ఆయన మిషను ఆపి, మూత తీసి, ముడతపడ్డ ఫిల్మును వేళ్లతో బయటకు లాగాడు. దాని అంచు అప్పుడే ఎర్రబారి ఉబ్బుతోంది.

"నాకు కనపడలేదే!" అన్నాను.

"నాకు మాత్రం కనపడిందా? మిషను సద్దు మారింది, నువ్వు వినలేదా?" అన్నాడు.

నా రెండు కళ్లూ దాని మీదే పెట్టుకుని కూడా నేను చూడలేకపోయాను. కాలిన ముక్క కత్తిరించి, కొసలు తడుముకుంటూ ఆయనే అతికించాడు. ఆ చెవి ఎన్నిసార్లు మమ్మల్ని కాపాడిందో ఎవరికి తెలుసు? కానీ ఏదో ఒక రోజు జనం ఈలల్లో ఆ సద్దు వినపడకపోతే?

చివరి రీలు వచ్చింది. అత్తగారి నేరం రుజువైంది, పోలీసులు ఆమెను తీసుకుపోవడానికి వచ్చారు. ఇంతలో టెంటంతా నిశ్శబ్దమైపోయింది. ఈల లేదు, ఏడుపు లేదు, దగ్గు కూడా లేదు. అంజనప్ప తల పక్కకు వాల్చి విన్నాడు. కంగారుగా నా భుజం పట్టుకున్నాడు.

"ఏమైందప్పా? బొమ్మ పోయిందా?"

"లేదన్నా. బాగానే ఉండాది."

"జనం సద్దు లేదే. ఏడిస్తే దుఃఖం సీను అనుకుంటా, ఈల వేస్తే ఫైటు అనుకుంటా. ఈ రెండేండ్లూ అట్లే నడిపినాను. ఇప్పుడేమి జరగతా ఉందో నాకు తెలీలేదు. ఆ యమ్మ ఏడుస్తా ఉందా, నవ్వతా ఉందా?"

నేను గోడలోని చిన్న కంతలోంచి చూశాను. ఇంకో రోజైతే ఇప్పటి కుటుంబ కథల్లో దుఃఖం గురించి పది మాటలు చెప్పేవాణ్ని. ఒక్కటీ రాలేదు. "ఏడవడంలేదన్నా. నవ్వడంలేదు. చచ్చిపోయిన కోడలి చీర మడత పెడతా ఉంది. కొంగు మూల సరిగ్గా కలవలేదని విప్పి మళ్లీ మడుస్తా ఉంది. పోలీసోళ్లు నిలబడి చూస్తా ఉండారు."

మిషను తిరుగుతోంది. ఆయన మెల్లగా అన్నాడు, "అది నాకు చూడల్లప్పా."

ఆట విడిచాక ముత్తప్ప నిచ్చెనెక్కి వచ్చాడు. కింద మునెప్ప, "కొత్త పద్ధతి అంటివే సెట్టీ, ఈ పొద్దు పాత పద్ధతిలోనే చూపిస్తిరి!" అని అరుస్తున్నాడు. ఇంకో అబద్ధం కోసం వెతుక్కుంటుండగా అంజనప్పే ముందు నోరు విప్పాడు. "నిన్న రీలు మార్చి ఏసింది నేనే ముత్తప్పా. నాకు కన్ను కనపడదు. రెండేండ్లయింది. ఈయప్ప నా కోసం అబద్ధం చెప్పినాడు. కృష్ణగిరిలో ఆపరేషను చేపించుకుంటా."

ముత్తప్ప నా వైపు చూసిన చూపుకు తల ఎత్తలేకపోయాను. మూడు వందల మంది కూర్చునే టెంటు అది. తిట్టినా బాగుండేది. ఆయన అంజనప్ప వైపు తిరిగి, "ఆపరేషనుకు ఎన్ని దినాలు పడ్తుంది?" అని మాత్రం అడిగాడు. నెల అంటారన్నాం. "అంతవరకూ కృష్ణగిరి ఆయప్ప ఉంటాడు. కన్ను వస్తే మిషను నీదే. రాకపోతే..." అని మధ్యలో ఆగి, నిచ్చెన దిగిపోయాడు.

సోమవారం అంగడి తారకు అప్పజెప్పి ఆయనతో బయలుదేరాను. నా అభిప్రాయం అడగడానికి ఆ పొద్దున ఎవరూ రాలేదు, ఇకముందు వస్తారన్న ఆశా లేదు. హోసూరులో బస్సు మారాం. కృష్ణగిరి దగ్గర పడేకొద్దీ ఆయన చేతులు ఒడిలో ఒకదాన్నొకటి నలుపుకుంటూ ఉన్నాయి. ఆపరేషను మాట ముందు ఎత్తింది నేనే కదా, ఆ మసక కూడా పోతే ఆ పాపం నాదే.

"మా అన్న మాదిరి అయితే ఏమి చేసేది?" అన్నాడు.

"అట్ల కాదన్నా. ఇప్పుడు బాగా చేస్తా ఉండారు."

"అయితే?"

"ప్రతి శుక్రవారం పక్కన కూర్చుని బొమ్మ ఎట్లుందో నేను చెప్తా" అన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. బయట ఏం కనపడుతోందో నాకు తెలియదు.

"ఎట్లుందో నువ్వు చెప్పద్దు వాసుదేవప్పా. ఏముందో చెప్పు" అన్నాడు.