నల్లమాడ అన్న జవాబు

శ్రీరంగప్ప గారింటి పంచలో ఆదివారం ఉదయం కొలువుదీరే సభను ఇంద్రసభతో పోల్చడం అతిశయోక్తి కావచ్చు. కానీ ఇంద్రసభలో కరెంటు ఎప్పుడు పోతుందోనన్న బెంగ ఉండదు గనుక, ఉత్కంఠ విషయంలో మాత్రం ధర్మవరానిదే పైచేయి. పట్టుచీరల వ్యాపారి శ్రీరంగప్ప ఆ వీధికి మొట్టమొదటి టెలివిజన్ పెట్టెను బెంగళూరు నుంచి పాత దుప్పట్లలో పొదివి తెప్పించాడు. ఆయుధపూజ నాడు దానికి బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి, మగ్గాలతో సమానమైన హోదా కల్పించాడు. వానలు మొహం చాటేసిన ఎనభైల నడిమి సంవత్సరాలవి. ఆకాశం వైపు చూసి చూసి విసిగిన జనానికి, ఆకాశం నుంచి ఏదో ఒకటి దిగి రావడమే గొప్పగా ఉండేది. వాన దిగకపోతే పోయె, బొమ్మలు దిగుతున్నాయి.

ఆ బొమ్మలలో పట్టపురాణి ఢిల్లీ వారి ప్రశ్నల పోటీ. అది నడిచేది హిందీలో. జట్టుకు ఇద్దరు చొప్పున కూర్చుంటారు. ప్రశ్నకర్త ఒక వస్తువునో, మనిషినో, తావునో మనసులో పెట్టుకుని ఒకదాని వెనుక ఒకటి మూడు ఆనవాళ్లు చెబుతాడు. మొదటి ఆనవాలుకే పట్టేస్తే మార్కులు ఎక్కువ, ఆలస్యమైన కొద్దీ తక్కువ. జవాబు ఒకరే చెబుతారు గానీ, ప్రశ్నకర్త వెంటనే రెండోవాడి వైపు తిరిగి, "ఇది మీ ఇద్దరి జవాబేనా?" అని అడుగుతాడు. రెండోవాడు తల ఊపితేనే ఆ జవాబు చెల్లుతుంది.

ఈ విశేషాలన్నీ వీధి జనానికి తెలిశాయంటే ఆ పుణ్యమంతా నారాయణప్పది. ఆయన వృత్తికి నేతగాడు. ప్రవృత్తికి, వయసులో రెండు హిందీ పరీక్షలు గట్టెక్కిన పండితుడు. టెలివిజన్ పెట్టె పక్కన ఆయనకంటూ ఒక పీట ఉండేది. దాని ఎత్తు జానెడే అయినా, దానిపై కూర్చున్నప్పుడు నారాయణప్ప ఎత్తు మాత్రం అమేయంగా పెరిగేది. ప్రశ్నకర్త ఒక మాటంటే ఈయన నాలుగు మాటల్లో తెనిగించేవాడు. ఆ నాలుగింటిలో ఢిల్లీ వారికి తెలియని సంగతులు రెండు ఉండేవి.

ఈ వైభవమంతా ఆదివారానికే. తక్కిన వారమంతా ఆయనకు దక్కింది ఒక గుంతమగ్గం, ఒక ఖాళీ ఇల్లు. భార్య భద్రమ్మ మూడేళ్ల కిందట పోయింది. కూతురు చిలమత్తూరులో కాపురం చేసుకుంటోంది. అయినా మొన్న మొన్నటి వరకూ ఆ ఇల్లు ఖాళీ అని ఆయనకు తోచలేదు. ఎందుకంటే మగ్గానికి కుడిపక్కన ఈరన్న ఉండేవాడు.

ఒడలు ఒక రంగు, అంచు మరో రంగు ఉండే చీరను ఒక్కడు నేయలేడు. నడుమ కూర్చున్నవాడు ఒడలి నాడెను, అంటే దారపు కండె ఉన్న చెక్కను, విసురుతాడు. పక్కన కూర్చున్నవాడు అంచు నాడె విసురుతాడు. రెండు రంగుల దారాలూ మెలిపడి ఒకదాన్నొకటి పట్టుకున్నాయని చూసుకుని పక్కవాడు "ఊఁ" అనాలి. ఆ "ఊఁ" వినపడ్డాకే నడుమవాడు తొక్కుడుపలక తొక్కాలి. తొందరపడితే అంచు ఊడి వస్తుంది. నారాయణప్పకేమో చేతులాడితే నోరాడకుండా ఉండదు. పాదుషాల చరిత్రలు, హిమాలయాల ఎత్తులు, తాను చదివినవీ చదవనివీ చెబుతూనే నేసేవాడు. ఈరన్న "ఊఁ" అనేవాడు. అది నాడె దాటినందుకో, కథ విన్నందుకో తేల్చడం పండితులకు కూడా సాధ్యం కాదు. ఇరవై ఏళ్లుగా ఆ ఒక్క అక్షరమూ రెండు పనులూ చేసింది.

ఆ అక్షరం ఒక ఆదివారం నాడు తెగిపోయింది.

ఆనాటి ప్రశ్నలో మొదటి ఆనవాలు ఇది: ఒక పెద్ద దేశం, అందులో ఒక్క నది కూడా పారదు. నారాయణప్ప గంభీరంగా తెనిగించాడు. అంతలో, ఎన్నడూ నోరు తెరవని ఈరన్న, "ఇంగేది? మనదే" అన్నాడు. వేళాకోళంగా కాదు, తెలిసిన సంగతి గనుక చెబుతున్నట్టు. జనం గొల్లుమన్నారు. అంతటితో పోయేదే. కానీ పీట మీద ఉన్న మనిషికి, జనం నవ్వినప్పుడు వాళ్లకంటే పైస్థాయిలో నవ్వవలసిన బాధ్యత ఉంటుంది.

"నది లేకేమిరా, చిత్రావతి లేదా? నీళ్లు లేవు గానీ!" అన్నాడు నారాయణప్ప. అక్కడితో ఆగక, "అంచు పట్టేవానికి బుద్ధి గూడా అంచు కాడికే!" అన్నాడు.

నవ్వు రెండింతలైంది. సరైన జవాబు అరబ్బుల దేశమని తేలింది. ఈరన్న పైపంచె దులిపి భుజాన వేసుకుని పోయినాడు.

సోమవారం మగ్గం కుడిపక్క ఖాళీ. బుధవారానికి తెలిసింది, ఈరన్న శ్రీరంగప్ప మగ్గాల కొట్టంలో జయరాముడు అనే కుర్ర నేతగాడి పక్కన కూర్చుంటున్నాడని. క్షమాపణ అనే మాటకు నారాయణప్పకు మూడు భాషల్లో పర్యాయపదాలు తెలుసు. అవసరానికి వాటిలో ఒక్కటీ నాలుక దాకా రాలేదు. ఈరన్నే వస్తాడులే అనుకున్నాడు. అనుకుంటూ, ఒక్కడే నేయదగిన ఒంటిరంగు చీరలకు దిగాడు.

అప్పుడు తెలిసింది ఆ ఇల్లెంత పెద్దదో. అలవాటు కొద్దీ పాదుషా కథ ఎత్తుకునేవాడు. యుద్ధం మంచి పట్టులో ఉండగా ఆగేవాడు. ఆగిన చోట ఏమీ వచ్చేది కాదు. కాలు తొక్కుడుపలక మీద అట్లాగే లేచి ఉండిపోయేది. ఒకసారి వాసం మీద బల్లి టిక్కుమంది. బల్లి పలికితే మాట నిజమవుతుందంటారు. కావచ్చు. కానీ ఊకొట్టడానికి బల్లి చాలదు. నాలుగు రోజులకు పాదుషాలు ఆ ఇంటికి రావడం మానేశారు.

ఇక ఆదివారాల సంగతి. శ్రీరంగప్పకు కొత్త వేడుక దొరికింది. సభకు విదూషకుడు లేకపోతే ఎట్లా? కొట్టం నుంచి ఈరన్నను పిలిపించి ముందు వరుసలో కూర్చోబెట్టేవాడు. కూలి ఇచ్చే మనిషి పిలిస్తే రానని ఎట్లా అంటాడు? ప్రతి ప్రశ్నకూ, "ఏమప్పా ఈరన్నా, ఇది గూడా మన అనంతపురమేనా?" అని శ్రీరంగప్ప అడగడం, జనం పొట్టలు పట్టుకోవడం. ఈరన్న తన కాలి బొటనవేలి వైపు చూసుకునేవాడు. పీట మీది పండితుడు ఆ బొటనవేలి వైపు చూడకుండా ఉండటానికి టెలివిజన్ వైపు చూసేవాడు.

అట్లా చూడగా చూడగా ఆయన కళ్లు ఒక జోడీ మీద నిలిచాయి. ఒకాయనకు కళ్లద్దాలు, చెక్కిన ముక్కు. రెండో ఆయన లావాటివాడు, తొందర మనిషి. సగం ఆనవాలుకే చెయ్యెత్తేవాడు. వీధి జనమంతా ఆ జోడీ ఎన్ని మార్కులు తెస్తుందోనని చూస్తే, నారాయణప్ప వాళ్లిద్దరి మధ్య నడిచే వ్యవహారం చూసేవాడు. చివరి పోటీకి ముందు వారం లావాటాయన ఒక తప్పు జవాబు చెప్పాడు. కళ్లద్దాలాయన పెదవులు అప్పటికే మరో మాట పలకబోయి ఆగడం నారాయణప్ప స్పష్టంగా చూశాడు. "ఇది మీ ఇద్దరి జవాబేనా?" అని ప్రశ్నకర్త అడిగాడు. కళ్లద్దాలాయన ఒక్క క్షణం మిత్రుడి మొహం చూసి, తల ఊపాడు. మార్కులు పోయినాయి. కళ్లద్దాలాయన తన నీళ్ల గ్లాసును లావాటాయన వైపు జరిపాడు.

"ఏమన్నాడప్పా పండితుడా?" అని అడిగారు జనం.

"ఏమీ అన్లేదు," అన్నాడు నారాయణప్ప. ఆయన తెనిగించకుండా తన దగ్గరే ఉంచుకున్నది ఆ పోటీ మొత్తంలో అదొక్కటే.

చివరి పోటీ నాడు పంచ చాలక జనం వీధి అరుగుల దాకా కూర్చున్నారు. ఆ కళ్లద్దాలాయన జోడీ, దాని ఎదుటి జట్టూ ఆఖరి ప్రశ్న వరకూ సమానంగా వచ్చాయి. ప్రశ్నకర్త గొంతు తగ్గించి మొదటి ఆనవాలు వదిలాడు. నారాయణప్ప గొంతు పెంచి దాన్ని అందించాడు: "భూమి మీద ఒక తావు ఉండాది. ఏండ్లకేండ్లు చినుకు పడని నేల. ఆడ పుట్టినోళ్లల్లో వాన చూడనోళ్లు ఉండారంట."

జవాబు నారాయణప్పకు ఆ క్షణమే తెలిసిపోయింది. ఊరి గ్రంథాలయంలో ఒక మధ్యాహ్నం, ఎవరితోనూ మాట్లాడనవసరం లేని ఆ చల్లటి గదిలో, అటకామా అనే ఎడారిని గురించి రెండు పుటలు చదివి ఉన్నాడు. ఢిల్లీలో ఇంకా ఎవరూ చెయ్యెత్తలేదు. ఇప్పుడు ఆ పేరు చెబితే పీట సింహాసనమైపోతుంది. ఆయన ఆ పేరు పలకబోయాడు.

"ఏమప్పా ఈరన్నా, చెప్పు! వాన పడని నేలంట. నీ సబ్జెక్టే గదా!" అన్నాడు శ్రీరంగప్ప.

జనం నవ్వడానికి సిద్ధపడ్డారు. ఈరన్న బొటనవేలి మీది నుంచి చూపు తిప్పలేదు. ఇన్ని వారాలూ నోరు మెదపనివాడు, ఈసారి మెల్లగా, కాస్త మొండిగా, "మా ఆడదాని ఊరు. నల్లమాడ" అన్నాడు.

నవ్వు మొదలైంది. మొదలవుతుండగానే నారాయణప్ప పీట మీది నుంచి లేచి నిలబడ్డాడు. సభలో ఆయన నిలబడటం అదే మొదటిసారి గనుక జనం ఆగారు.

"నల్లమాడే," అన్నాడాయన. "అది మా ఇద్దరి జవాబు."

రెండు హిందీ పరీక్షల సాక్షిగా చెప్పిన మాట ఉత్తిది ఎట్లా అవుతుంది? కదిరి దగ్గరి నల్లమాడ, ఒక నిమిషం పాటు, ఎడారుల సామ్రాజ్యాన్ని నిరాటంకంగా ఏలింది. ఆ నిమిషంలో కరెంటు పోయి ఉంటే ఆ ఏలుబడి నేటికీ సాగుతుండేది. కానీ వేసవి అంతా పోతూ వచ్చిన కరెంటు ఆ రోజు పోలేదు. రెండో ఆనవాలు వచ్చింది, సముద్రపు ఒడ్డని. సముద్రం నల్లమాడకు ఎంత దూరమో తెలియనివారు అక్కడ లేరు. మూడో ఆనవాలు అయ్యాక కళ్లద్దాలాయన సరైన పేరు చెప్పి గెలిచాడు. లావాటాయన ఆయన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. ఆ కౌగిలిని ధర్మవరంలో ఎవరూ చూడలేదు. అందరూ నారాయణప్పను చూసి నవ్వుతున్నారు.

"ఏమప్పా పండితుడా! నీ బుద్ధి గూడా అంచు కాడికి వచ్చెనే!" అన్నాడు శ్రీరంగప్ప కళ్లు తుడుచుకుంటూ. కుర్ర నేతగాడు జయరాముడు పీటను లాక్కుని కూర్చుని, "ఇంగ మీద నేను చెప్తా హిందీ, సినిమాలు చూసి నేర్చినా" అన్నాడు. రాజ్యాలు పోవడానికి పాదుషాల కథల్లో ఎంత సేపు పట్టేదో గానీ, ఇక్కడ ఈ కాస్తసేపే పట్టింది.

ఈరన్న అప్పటికే వీధిలో నడుస్తున్నాడు. నారాయణప్ప పది బారల వెనుక నడిచాడు. ఎండకు వీధి తెల్లగా ఉంది. రంగు అద్దిన పట్టుదారపు చిలుపలు అరుగుల మీద ఆరుతున్నాయి.

"నీకు తెలుసు గదా జవాబు?" అన్నాడు ఈరన్న, వెనుదిరగకుండా.

"తెలుసు."

"మొదుటి మాటకే తెలిసిందా?"

"ఆఁ."

"మరి ఎందుకట్లంటివి? నా మీద జాలా? నీ జాలి నాకొద్దప్పా."

ఇరవై ఏళ్లూ అన్నా అని పిలిచిన నోరది. నారాయణప్ప ఆ "అప్పా"ను నడుస్తూనే మింగాడు.

"జాలి గాదు."

"ఇంగేంది?"

"ఆడ నువ్వొగనివే ఉండావు."

ఈరన్న నడక మందగించలేదు, వేగమూ పెరగలేదు. కొంత దూరం పోయాక, "నేను తమాషాకి చెప్పలేదు," అన్నాడు. "పోయిన వారం పోయొస్తి. మా బామ్మర్ది శెనిక్కాయ చేను చూస్తే... చేతిలో పట్టుకుంటే పొడి."

"తెలుసు. ఆ పొద్దు గూడా నువ్వు తమాషాకి చెప్పలేదు. నదిది."

క్షమాపణకు ఆయనకు తెలిసిన పర్యాయపదాలలో ఇది ఏదీ కాదు. అయినా అంతకు మించి చేతకాలేదు. మరి చేతనైనది ఒకటుంది గనుక, ఆయన ముందు నడుస్తున్న వీపుకు అదే చెప్పనారంభించాడు.

"అటకామా అంటారు దాన్ని. సముద్రం పక్కనే ఉండాది. అంత నీళ్లు కండ్లముందే కనపడతాంటాయి. మబ్బు గూడా వస్తాదంట పొద్దున్నే, పొగ మాదిరి, కొండలమింద కూర్చుంటాది. చినుకు మాత్రం రాలదు. అయినా మనుషులుండారంట ఆడ. యాడికీ పోకుండా."

చెప్పి ఆగాడు. మగ్గం ముందు ఆగినట్టే ఆగాడు, కాలు ఒకటి కాస్త పైకి లేచి.

ఈరన్న తన సందు మొదట నిలబడ్డాడు. ఇటు తిరగలేదు.

"ఊఁ," అన్నాడు.

అని సందులోకి తిరిగిపోయినాడు.

ఆ ఒక్క అక్షరంలో రేపు వస్తానని లేదు. రానని కూడా లేదు. నాడె ఆ పక్క నుంచి దాటి వచ్చింది, అంతే. మగ్గం ధర్మం ప్రకారం ఇక వంతు నారాయణప్పది. ఆయన సందు మొగదలకు గబగబా నడిచాడు.

"చిలీ అంటారు, ఆ దేశం పేరు!" అని లోపలికి కేక వేశాడు.

సందులో ఎండ ఉంది, తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఎక్కడో లోపల గొళ్లెం పడిన చప్పుడైంది. నారాయణప్ప తలపాగా విప్పి మొహం తుడుచుకుని, ఆ దేశం గురించి తనకింకా ఏమేం తెలుసో ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటూ, అక్కడే చాలాసేపు నిలబడ్డాడు.