డెల్మస్ చెవి

చల్లబడ్డ రైలింజను కొలిమిపెట్టెలో మోకాళ్ళమీద కూర్చుని డెల్మస్ బోల్టుల్ని ఒక్కొక్కటిగా సుత్తితో కొడుతున్నాడు. ఒక దెబ్బ, బాగుందని ఒక సుద్దగీత. బాయిలర్ గోడలు రెండూ విడిపోకుండా పట్టి ఉంచే బోల్టులవి, మూడొందల పైమాటే. గట్టి బోల్టు ఖంగుమంటుంది, లోపల విరిగింది డొల్లగా మూలుగుతుంది. ఆ తేడా పట్టగల చెవి ఈ వెస్ట్ వర్జీనియా కొండల్లో డెల్మస్‌కే ఉందని నలభై ఏళ్ళుగా పేరు.

ఆ చెవి రెండేళ్ళ కిందటే పనిచేయడం మానేసింది. సంగతి భార్య ఓపల్‌కి తప్ప ఎవరికీ తెలియదు. అడవి నుంచి దుంగలు లాగిన పళ్ళచక్రాల ఆవిరి ఇంజన్లలో ఇంకా నడిచేవి మూడే, ఇప్పుడు సెలవులకొచ్చిన జనాన్ని మోస్తున్నాయి. వాటిని ముట్టుకోకుండా బతకడం అతనికి చేతకాదు. అందుకే బోల్టు తలపై ఎడమ బొటనవేలు ఆనించి, అదురును బట్టి గీత పెడుతున్నాడు. సిగ్గుమాలిన పనేనని తెలుసు. ఇవాళ ఏప్రిల్ చలికి ఆ వేలు కూడా మొద్దుబారింది.

మేనల్లుడు రాయిస్ తలుపులోంచి వంగి చూశాడు. ఇంజను నడిపేది అతనే.

"అయిందా మావయ్యా? రేపు పొద్దున మొదటి బండికి రెండొందల మంది."

డెల్మస్ అతని పెదాలు చూసి చదివాడు. "పెళ్ళివారా ఏంటి, అంత తొందర? అయిపోయింది, నిప్పెట్టు."

మధ్యాహ్నం ఓపల్ కట్టిచ్చిన చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె తిని లేచేసరికి ఆవిరి పుంజుకుంది. రాయిస్ కిందనుండి పళ్ళచక్రాలకు నూనె పోస్తున్నాడు. ఇంజను గదిలో డెల్మస్ ఒక్కడే. కొలిమి తలుపు పక్కన ఒక బోల్టు నడిమి చిల్లులోంచి తడి దారంలా దిగింది. తర్వాత సన్నగా ఆవిరి. బోల్టు విరిగితే చెప్పడానికే ఆ చిల్లు పెడతారు. లోపలివైపు ఆ బోల్టుకు పొద్దున అతనే గీత పెట్టాడు.

పాతకాలపు కలప క్యాంపుల్లోనైతే చిల్లులో మేకు దిగ్గొట్టి నోరు మూసుకునేవారు. డెల్మస్ కూడా పెట్టెలోంచి మేకు తీశాడు. సుత్తి ఎత్తాడు. కిటికీలోంచి రాయిస్ నూనెచేతుల్తో ఏదో పాడుకుంటూ కనిపించాడు. సుత్తి దించి, మేకును నీటిమట్టం చూపే గాజుగొట్టం కింది పలకమీద పెట్టేశాడు.

"మంట ఆర్పెయ్‌రా."

రాయిస్ ఎక్కొచ్చి చూశాడు. "ఇదొక్కటేగా, తెల్లారేలోపు మార్చేద్దాం."

"ఒక్కటి కాదు. నాకు వినపడక రెండేళ్ళయింది."

"మిగతా రెండింజన్లు?"

"అవీ నేనే కొట్టాను."

"అత్తకి తెలుసా?"

"తెలుసు. రోజూ తిడతానే ఉంది."

రాయిస్ ఇంకో మాట అన్నాడు. గొంతు పెంచలేదు.

"మొన్న నా పిల్లల్ని దీన్లో ఎక్కించాను మావయ్యా."

పెదాల మీంచే డెల్మస్‌కి ఆ మాట పూర్తిగా అందింది. సుత్తి అతని చేతికిచ్చి, అన్నం డబ్బా తీసుకుని, పట్టాల వెంట కిందికి నడిచాడు. పదిహేడో ఏట ఎక్కిన దారి అది.

మర్నాడు బండి కదల్లేదు. రాయిస్ కొలిమిలో దూరి సుద్దగీతలున్న బోల్టుల్ని మళ్ళీ కొట్టాడు. ఇంకో నాలుగు అతని చెవికే తెలిసేంత డొల్లగా మోగాయి. బయటికొచ్చి ఇంజను గదిలో కూర్చున్నాడు. ఎదురుగా, నీటిగొట్టం కింది పలకమీద, మావయ్య దిగ్గొట్టని మేకు అలాగే ఉంది.