పురుగులింటి గడప బయట

యుద్ధం వచ్చి, పారాచూట్లకు పట్టు కావలసి, శిడ్లఘట్ట సంతలో పట్టుగూళ్ళ ధర లేచింది. చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లలంతా బడి మాని మల్బరీ ఆకు కోతకు పడ్డారు. పరీక్షకు కూర్చోవలసినవాళ్ళు ఈ ఏడు తప్పితే మళ్ళీ పలక ముట్టరని హెడ్మేష్టరు జనార్దనకు తెలుసు. పొద్దు వాలాక రమ్మని, తాను కూర్చోబెట్టి చెబుతానని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

కిరసనాయిలు దొరకని రోజులు. తన వంతుకు వచ్చిందంతా బడి లాంతరులో పోసేవాడు. భార్య భాగీరథి పోయాక ఇంట్లో దీపం పెట్టి చూడవలసిన ముఖం ఏదీ లేదు గనక, చీకట్లోనే తడుముకుంటూ అన్నం తినేవాడు. సాయంత్రం పిల్లల గోల మధ్య మాత్రం మనిషి తేరుకునేవాడు.

పట్టుపురుగులు నాలుగో నిద్ర లేచి, అంటే నాలుగోసారి పొర విడిచి, ఆవురావురుమని మేస్తున్న వారంలో పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. చివరికి ఎవరూ రాలేదు. ఖాళీ చాపల ముందు లాంతరు పెట్టుకుని దోమల్ని తోలుకుంటూ కూర్చున్నాడు. దారిన పోయేవాళ్ళు తలవంచుకుని పోయారే గాని, ఏం తప్పు జరిగిందో చెప్పినవాళ్ళు లేరు.

ఆగలేక మునిరత్నమ్మ ఇంటికి పోయాడు. ఆమె కూతురు జలజ లెక్కల్లో చురుకు. మునిరత్నమ్మ గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడే నిలబడప్పా. లోపల పురుగులుండాయి."

"జలజను ఏల పంపేది మానేస్తివమ్మా?"

"నీ లాంతరు కాడ కూర్చోని వస్తే పిల్ల ఒళ్ళంతా కిరసనాయిలు కంపు. ఆ చేతుల్తోనే ఆకేస్తాది. తట్టల్లో పురుగులు తల వాల్చేస్తాండాయి. అయ్యవారివి, నీ మొగం మింద ఎట్ల అనేదప్పా?"

జనార్దన కండువా కొంగు వాసన చూసుకున్నాడు. ఆయనకే వాసనా తెలియలేదు. బాగేపల్లి వేరుశనగ చేల మధ్య పెరిగినవాడు. పురుగుల సంగతి ఏం ఎరుగును?

ఇక లాంతరు వెలిగించనన్నాడు. పిల్లలు బడికీ రానక్కర్లేదన్నాడు.

"ఈ గోడ బయట కూర్చుంటానమ్మా. లోపల మీ పని మీరు చేసుకోండి."

ఆమె గాలి ఎటు వీస్తోందో చూసి, ఆయన మీది గాలి ఇంటి వైపు రాని చోట ఒక రాయి చూపించింది.

లోపల పురుగులు ఆకు మేసే చప్పుడు చినుకులు పడుతున్నట్టుంది. ఆయన పదమూడో ఎక్కం ఎత్తుకున్నాడు. జలజ గొంతు అందుకుంది. పక్కింటి గోడ వెనక నుంచి ఇంకో గొంతు కలిసింది. ఒక్క ముఖమూ కనిపించలేదు. ఎక్కం ముగిశాక లోపల ఎవరో నవ్వుకున్నారు. ఎందుకో ఆయనకు అందలేదు. మసక చీకట్లో గొంతు సవరించుకుని పద్నాలుగోది మొదలుపెట్టాడు.