పదమూడు లక్షల తొంభై రెండు వేల నలభై ఏడు

రోప్‌వే ఇంజను గదిలో పళ్ళచక్రాలు చూసుకునే అతన్ని అందరూ పళ్ళడాక్టరని ఆటపట్టించేవారు. తన రోగులు నోరు తెరిచి ఏడవరు కదా అని అతనూ నవ్వేసేవాడు.

గదిలో మూడు చక్రాలు. వాటికి తొంభై ఏడు, నూట పదమూడు, నూట ఇరవై ఏడు పళ్ళు. మూడూ మొండి సంఖ్యలే, ఒకటితోనూ తమతోనూ తప్ప దేనితోనూ భాగింపబడవు. ఒకరోజు మూడింటికీ ఒక్కో పన్ను పగిలి కనిపించింది. కొత్త చక్రాలకి నలభై రోజులు పడుతుందన్నారు. అప్పటిదాకా కొండమీది ఆసుపత్రికి జనం ఎలా వెళ్తారని మేనేజరు తల పట్టుకున్నాడు.

"ఒక్కో పగులుని పక్క పళ్ళు మోస్తాయి సార్. మూడూ ఒకేసారి బరువు కిందికొస్తేనే తాడు జారేది. ఖాళీగా ఉన్నప్పుడు మూడు పగుళ్ళనీ వరుసలో పెట్టి, పళ్ళు లెక్కపెట్టే మీటరుని సున్నాకి తిప్పుతా. ఆ సంఖ్యల్ని గుణిస్తే పదమూడు లక్షల తొంభై రెండు వేల నలభై ఏడు. అంతకి ఒక్క పన్ను ముందు కూడా అవి కలవవు."

"ఆ తర్వాత?"

"కలిసి తీరతాయి."

సెకనుకో పన్ను చొప్పున, రోజుకి ఎనిమిది గంటలు తిరిగితే నలభై ఎనిమిది రోజుల పైచిలుకు. మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు.

ముప్ఫై ఆరో రోజున పళ్ళడాక్టరుకి కడుపు ఆపరేషనయింది. నలభై తొమ్మిదో రోజు పొద్దున, కొండమీద నర్సుగా చేసే అక్కని రోప్‌వే బండెక్కించి, కొత్త చక్రాలు ఎలా తిరుగుతున్నాయో చూద్దామని ఇంజను గదికి వెళ్ళాడు. చక్రాలు పెట్టెల్లోనే ఉన్నాయి. మేకులు కూడా తీయలేదు.

"తొందరేముందయ్యా? మీటరు మూడు లక్షల తొంభై ఒక్క వేలే చూపిస్తోంది. ఇంకా పది లక్షలుంది. రద్దీ తగ్గాక మారుద్దాం" అన్నాడు మేనేజరు.

పళ్ళడాక్టరు గబుక్కున మీటరు వైపు తిరిగాడు. ఆ మీటరుకి ఉన్నవి ఆరు గడులే. తొమ్మిదులు నిండితే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. తనకి అది ఎంత బాగా తెలుసంటే, ఇంకొకరికి చెప్పాలనే తోచలేదు.

మీటరు మీద 391960, అంటే నిజానికి 1391960. ఇంకా ఎనభై ఏడు పళ్ళు.

స్విచ్చి ఆపేశాడు. ఆపినా చక్రం నిలబడడానికి నూట ఇరవై పళ్ళు తిరగాలి. గట్టిగా బ్రేకు వేస్తే పగుళ్ళు ఇప్పుడే విడిపోతాయి. అక్కకి ఫోను కలిపాడు.

"అక్కా, కింద కూర్చో. కమ్మీ గట్టిగా పట్టుకో. అందర్నీ పట్టుకోమను."

"కుట్లు పడ్డ మనిషివి, ఇంటికెళ్ళి పడుకోవేంరా? బండెందుకు నెమ్మదించింది?"

"నీకు దణ్ణం పెడతా అక్కా, కూర్చో."

"సరే సరే, కూర్చుంటున్నా. నువ్వసలు పొద్దున్న మందేసుకున్నావా?"

అతను మీటరు నుంచి కళ్ళు తిప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక లెక్క తప్పని మనిషి, ఈ ఒక్కసారికి తప్పిపోతే చాలని మొక్కుకున్నాడు. మీటరు చివర నలభై నాలుగు. నలభై అయిదు. అక్క ఇంకా చివాట్లు పెడుతూనే ఉంది. నలభై ఆరు.

లెక్క తప్పలేదు.