పీపా మీద పేరు

పొగమంచులో సముద్రమేదో ఆకాశమేదో తెలియని పొద్దున, కినుయే వాళ్ళ నానమ్మతో చిన్న పడవలో నాచు కోయడానికి వెళ్ళింది. చేపల వేటకు వెళ్ళిన నాన్న రావలసిన రోజు దాటి అప్పటికి తొమ్మిది రోజులు. ఆ మాట ఇద్దరూ ఎత్తడం లేదు.

నాచు మధ్య నుంచి ఏదో వచ్చి, తలుపు తట్టినట్టు పడవను మెల్లగా తట్టింది. చిన్న సారా పీపా. గుడి దాకా రాలేని పడవవాళ్ళు, సముద్రం మీద తమను కాచే కొంపిరా స్వామి మొక్కును ఇలా సముద్రంలోనే వదులుతారు. దొరికినవాళ్ళు మోసుకెళ్ళి స్వామికి ఇవ్వాలి. దాని చెక్క మీద స్వామి పేరు మిగిలింది గాని, పంపిన పడవ పేరు ఉప్పునీటికి చెరిగిపోయింది.

"నానమ్మా, అక్కడ నాన్న పడవ పేరు రాయిస్తే?"

"ఓసి దొంగపిల్లా! దారిలో ఉన్న మొక్కుని కాజేస్తావా? నీకంటే సొరచేప నయం!" అంది నానమ్మ. కాసేపటికి తల తిప్పుకుని, "మోసేది నువ్వే. ఆ స్వామికి నువ్వే చెప్పుకో," అని గొణిగింది.

రేవు వెనక కొండ మీది స్వామి గుడి మెట్లెక్కుతుంటే వీపు మీద పీపాలో సారా అటూ ఇటూ ఊగింది. తన వీపు మీదే చిన్న సముద్రం ఉన్నట్టు, అందులో ఎవరో నిద్రపోతున్నట్టు అనిపించింది కినుయేకి. వాళ్ళు లేస్తారేమోనని అడుగులు మెత్తగా వేసింది.

పూజారి పీపాను రెండు చేతులా అందుకున్నాడు. కుంచె సిరాలో ముంచాడు.

"ఏ పడవదమ్మా? చెప్పు, దిద్దేస్తాను."

పేరు నాలుక చివరికి వచ్చేసింది. నాన్న కూడా ఏటా నడిసముద్రంలో ఒక పీపా వదులుతాడు. అదీ ఏ తీరానో తేలి, పేరు చెరిగి, ఇప్పుడు ఎవరో పిల్ల వీపు మీద మెట్లెక్కుతోందేమో. ఆ పిల్ల నాన్న కూడా ఇంకా రాలేదేమో.

"తెలీదండీ," అంది.

"మరేం రాయను? చేప అని రాయనా?" అని నవ్వాడు పూజారి.

"ఖాళీగా ఉంచండి. స్వామికి తెలుసుగా."

పూజారి నవ్వు ఆపి కుంచె పక్కన పెట్టాడు.

దిగుతుంటే మంచు విచ్చుకుంటోంది. దూరాన ఒక తెరచాప కనిపించింది. రేవులో ఎవరో ఆడమనిషి కేక పెట్టి నీళ్ళలోకి పరుగెత్తింది.

అది నాన్న తెరచాప కాదు. అయినా అది ఒడ్డు చేరేదాకా కినుయే రెప్ప వేయకుండా చూసింది.