సొంత పని

ఎనభై ఒకటిలో కండ్లకలక వచ్చినప్పుడు మా బడిలో ఐదుగురం టీచర్లం. వారం తిరిగేసరికి నేను, తిరుమలమ్మ టీచరు, హెడ్మాస్టరు మునిరామయ్య సారు మాత్రమే మిగిలాం. తిరుచానూరుకు వచ్చే యాత్రికుల బస్సులే ఆ జబ్బును మా ఊరికి మోసుకొచ్చాయని జనం అనుకునేవారు. అది ఉన్నవాళ్ళ కళ్ళలోకి చూస్తే చాలు, మనకూ అంటుకుంటుందని ఇంకో మాట. దాంతో నాకు కలక లేకపోయినా పిల్లలు నా మొహం చూడటం మానేసి నేలకేసి చూస్తూ పాఠం వినేవారు. నేలకు మాత్రం చదువు బాగా వచ్చి ఉంటుంది.

నాకప్పటికి నాలుగు నెలల పాప. మా అమ్మ ఇంట్లో ఉండి చూసుకునేది. ఇల్లు బడికి అర మైలు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే పరుగున పోయి పాలిచ్చి వచ్చేదాన్ని. ఆవు పాలు పడితే పాప ఉమ్మేసేది. పంతంలో నాకు తీసిపోదు.

టీచర్లు తగ్గిపోయారని సారు ఒక ఆర్డరు వేశారు. మధ్యాహ్నం కూడా ఎవరూ గేటు దాటకూడదు. పిల్లలు మురికి చేతులతో కళ్ళు నులుముకోకుండా కాపలా ఉండాలి. తప్పనిసరైతే పర్మిషన్ పుస్తకంలో పేరు, టైము, కారణం రాసి సంతకం పెట్టించుకోవాలి.

కారణం గడిలో ‘సొంత పని’ అని రాశాను. అందరూ అదే రాస్తారు. క్షవరానికి పోయినా సొంత పనే, సంతకు పోయినా సొంత పనే. సారు ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన ‘కుదరదు’ అని రాశారు. ఇంకో మాట అడగలేదు. నేనూ చెప్పలేదు. యాభై ఆరేళ్ళ మగమనిషి ముందు నిలబడి పాల సంగతి ఎలా చెప్పను? సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఆ మధ్యాహ్నం నా రవిక తడిసిపోయింది. హాజరు పట్టీని గుండెకు అదుముకుని సాయంత్రం దాకా అలాగే తిరిగాను. ఇంటికి పోయేసరికి ఏడ్చి ఏడ్చి పాప గొంతు బొంగురుపోయింది.

మర్నాడు ఈ సంగతి తిరుమలమ్మ టీచరు కనిపెట్టింది. ఇద్దరు బిడ్డల తల్లి, ఆమెకు చెప్పాలా! “నీ కొంగు అడ్డం పెట్టుకోని వెనక దోవన పో. నీ క్లాసు నేను సూసుకుంటా” అంది. రెండు రోజులు రెండు క్లాసుల పిల్లల్ని ఒక్కచోట కూర్చోబెట్టి గొంతు చించుకుంది. ఆమె చేసిన మేలు నేను చచ్చేదాకా మరిచిపోను. మూడో రోజు ఆమె కళ్ళు కూడా మందారాల్లా ఎర్రబడ్డాయి. సారు ఆమెను ఇంటికి పంపించేశారు.

మళ్ళీ ‘సొంత పని’, మళ్ళీ ‘కుదరదు’. ఆ రోజు ఇంటికి పోతే అమ్మ ఒక్కటే మాట అంది. “ఉద్దేగం మానుకోమ్మే. బిడ్డ వాడిపోతా ఉండాది.” ట్రైనింగు అయ్యాక నాలుగేళ్ళు ఎదురు చూస్తే వచ్చిన ఉద్యోగం. అయినా రాజీనామా రాసి, మడిచి, హాజరు పట్టీలో పెట్టుకున్నాను.

మర్నాడు ఆ కాగితం ఇద్దామని పోతే సారుకే కలక. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఒక్క రోజు కూడా జబ్బు సెలవు పెట్టని మనిషి, తడి తువ్వాలు కళ్ళకు అడ్డం పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. ఆయనకు మూడోసారి ‘కుదరదు’ రాసే ఓపిక మాత్రం ఉంది. కాగితం ఇచ్చే ధైర్యం నాకు చాలలేదు.

మధ్యాహ్నం బెల్లు అయ్యాక సారు భార్య చంద్రకాంతమ్మ వరండాలోకి వచ్చింది. చేతిలో చిన్న ఉగ్గుగిన్నె.

“వసంతా, నాలుగు చుక్కలు పాలు పిండియ్యమ్మా. మా ఆయన కండ్లల్లో పొయ్యాల. బాలింత పాలు సలవ.”

నాకు కోపం నెత్తికెక్కింది. “పాలకేం కొదవ లేదమ్మా. నిన్నట్నించీ రవికే తాగతా ఉండాది. ఇంటికి పోయి బిడ్డకిద్దామంటే సారు గేటు దాటనీలేదు.”

“ఏమని అడిగితివి?”

“సొంత పని అని రాసినా.”

“పాలియ్యాలని రాయకూడదా?”

“అందరూ సూసే పుస్తకంలో ఆ మాట ఎట్ల రాసేదమ్మా?”

ఆమె గిన్నె పట్టుకునే సారు గదిలోకి పోయింది. గదికి తలుపు లేదు. అన్నీ వినిపించాయి.

“ఐదుగురు బిడ్డల్ని కంటిమి. వాళ్ళెప్పుడు పాలు తాగినారో ఒక్కనాడన్నా అడిగినారా?”

“ఇప్పుడా మాటెందుకే?”

“ఆ పిల్ల మద్దేనం ఇంటికి పోయేది మీ మాదిరి కునుకు తీసేదానికి కాదు, బిడ్డకు పాలిచ్చేదానికి. మీరు ఈడ కట్టేసి పెట్టినారు. నేనొచ్చి ఆ పాలే అడగతా ఉండాను. నా మొగం యాడ పెట్టుకునేది?”

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. సారు గోడ పట్టుకుంటూ బయటికి వచ్చారు.

“వసంతమ్మా, సొంత పని అంటే నాకెట్ల తెలుస్తాది? మన గంగాధరం టీచరు కూడా సొంత పని అనే రాస్తాడు. పోయి పేకాడతాడు.” గొంతు తగ్గించి, “తప్పయిపోయిందమ్మా. బిరీన పో” అన్నారు.

“పిల్లల్ని ఎవరు సూస్తారు సార్?”

“నేనుండానే! ఎక్కాలకు కండ్లెందుకు?”

నేను గేటు దాటేసరికి బడంతా పదమూడో ఎక్కం అందుకుంది. “ఎవడ్రా అది, పదమూడేడ్లు తొంబై రెండంట!” అని సారు అరవడం కూడా వినిపించింది. పరుగెత్తుతూనే నవ్వాను. వారం రోజుల్లో అదే మొదటి నవ్వు.

పాప కడుపునిండా తాగి, నా రవిక కొస పట్టుకునే నిద్రపోయింది. నా గుండెల మీది బరువు దిగింది. నా వెంటే వచ్చిన చంద్రకాంతమ్మ, పాప తాగిందాకా ఆగి, ఆ తర్వాతే గిన్నె చేతికిచ్చింది. ఐదో రోజుకు సారు కళ్ళు తేటపడ్డాయి. నా పాల మహిమే అని ఆమె ఊరంతా చెప్పింది. ఆ కలక ఎవరికైనా ఐదో రోజుకే తగ్గేదని నేను ఎవరికీ చెప్పలేదు.

పాలిచ్చిన మర్నాడు పొద్దున పర్మిషన్ పుస్తకం తెరిచాను. మూడు ‘కుదరదు’ల కింద సారు చేతిరాత ఉంది. కళ్ళు సగం మూసుకుని రాసినట్టున్నారు, అక్షరాలు గీత దాటి పక్క గడిలోకి పోయాయి.

‘వసంతమ్మ. మధ్యాహ్నం. బిడ్డకు పాలు. రోజూ.’

కింద సంతకం.

రాజీనామా చించేసి క్లాసుకు పోయాను. ఎంత ఆపుకున్నా ఏడుపు ఆగలేదు. ఏడుపు విని తలెత్తిన పిల్లలు నా ఎర్రటి కళ్ళు చూసి, టీచరుకూ కలక వచ్చేసిందనుకుని, అందరూ ఒక్కసారిగా తలలు దించేసుకున్నారు.