మెడదాకా మిగిలిన సిరా

నేను ఒక సిరా సీసాని. కాగితం మీద రాసే సిరా అనుకునేరు, కాదు. ఓటేసినవాళ్ళ ఎడమచేతి వేలికి పూస్తారే, వారాల తరబడి సబ్బుకీ కుంకుడు రసానికీ లొంగని సిరా, అదన్నమాట నా కడుపులో ఉండేది. పొగరనుకున్నా సరే, చెప్తాను: మనిషి మాట మారుస్తాడు, జెండా మారుస్తాడు, నేను వేసిన మచ్చని మాత్రం మార్చలేడు.

నన్ను తయారుచేసింది ఎక్కడో దక్షిణాదిన ఒక ఫ్యాక్టరీలో. పెట్టెల్లో సర్ది పంపిస్తే, దారిలో ఎవరో ఎత్తుకుపోయి కొండసీమకి అమ్మేశారు. కొండసీమ అప్పటికే దేశం నుంచి విడిపోయానని చాటుకుంది. సొంత జెండా కుట్టించుకున్నారు, సొంత పాట కట్టించుకున్నారు, సిరా కాచడం మాత్రం చేతకాలేదు. ఎన్నిక జరిపితేగాని లోకం నమ్మదని ఎవరో చెప్పారట, పాపం, నన్ను కొనుక్కున్నారు.

నేను చేరింది నాగేరు ఒడ్డున ఒక బడికి. బల్ల వెనక భూషణరావు పంతులు, గుమ్మంలో తుపాకీతో కొండసీమ కమాండరు. విడిపోయే గొడవలో ఊరిమీద కాల్పులు జరిగాయి; ఊళ్ళో సగానికి పైగా జనం ఆనాడే ఏరు దాటి పారిపోయి అవతల శిబిరాల్లో తలదాచుకున్నారు. వాళ్ళ పేర్లు మాత్రం జాబితాలో ఇక్కడే ఉండిపోయాయి. మొదటి ఓటరు రాకముందే కమాండరు కళ్ళతో సైగ చేశాడు. పంతులు తల వంచుకుని ఆ పేర్ల పక్కన టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. నా మూత ఎవరూ తియ్యలేదు.

మధ్యాహ్నం శిబిరం నుంచి ఒక బస్సు వచ్చింది. ఓటేసి సాయంత్రానికి వెనక్కి పోవాలి, బస్సెక్కనివాళ్ళ పూచీ మాది కాదని ముందే చెప్పారు. అందులోంచి గవరమ్మ దిగింది. పిల్లల్ని శిబిరంలో తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఓటు గోల ఆమెకి పట్టలేదు. కాల్పులనాడు మొగుడు గొడ్లను విప్పేసి వస్తాను, నువ్వు పిల్లల్ని తీసుకుని పద అన్నాడట. గొడ్లు ఏరు ఈదుకుంటూ వచ్చాయి, ఆయన రాలేదు. బతికున్నాడో లేదో తెలుసుకోవాలి, అంతే. వరసలో నిలబడ్డంతసేపూ ముందువాళ్ళకీ వెనకవాళ్ళకీ ఇదే చెప్పుకుంది.

ఆమె పేరుకీ పొద్దున్నే టిక్కు పడిపోయినా, పంతులు ఏమీ ఎరగనట్టు ఆమె వేలికి సిరా పూశాడు. ఆమె కదల్లేదు.

"మా ఇంటాయన వోటేసినాడా, బాబూ?"

పేరు చెప్పమన్నాడు పంతులు. మొగుడి పేరు నోటితో చెప్పడమే! పెళ్ళయిన నాటి నుంచి ఒక్కసారైనా ఆ పని చేసిన మనిషి కాదు. సిగ్గుతో తల దించేసుకుంది. చావుబతుకుల దగ్గర కూడా ఈ పట్టింపేమిటో, ఈ మనుషులు నాకు బొత్తిగా అర్థం కారు. చివరికి పంతులే జాబితాలో ఆమె పేరు పక్కన చూసి, దాలినాయుడేనా అని అడిగాడు. ఆమె తలూపింది. ఆ పేరు పక్కనా పొద్దున తను పెట్టిన టిక్కు ఉంది. పంతులు గుమ్మం వైపు చూశాడు. కమాండరు ఇటే చూస్తున్నాడు.

"పొద్దున్నే వేసి వెళ్ళాడమ్మా," అన్నాడు పంతులు, మెల్లగా.

"అయితే ఉన్నాడు," అంది గవరమ్మ.

ఏడుస్తూనే నవ్వింది. ఆ ముఖం చూడలేకపోయాను. అమ్మా, నీ మొగుడి వేలిని నేను తాకనేలేదు అని అరిచి చెబుదామంటే, నాకు మూతి ఉందేగాని మాట లేదు.

సాయంత్రం లెక్క చదివారు. నూటికి తొంభైమంది ఓటేశారట! బల్లమీద నేను మెడదాకా నిండుగా కూర్చుని ఉన్నాను. కమాండరు నన్ను ఎత్తి చూసి, ఇంత మిగిలితే ఎవడు నమ్ముతాడు, పారబొయ్యమన్నాడు. పంతులు బడి వెనక ఇసుకలో సిరా అంతా ఒంపేసి, నన్ను చెత్తకుప్ప మీదికి విసిరాడు.

అక్కడే ఉన్నాను. బస్సు హారన్ కొట్టీ కొట్టీ వెళ్ళిపోయింది. గవరమ్మ ఎక్కలేదు. పొద్దున్నే ఓటేసినవాడు ఎంతదూరం పోయుంటాడులే అనుకుందో ఏమో, వీధి వీధీ తిరుగుతోంది. ఆమె వస్తుంటే తలుపులు మూసుకుంటున్నాయి. ఆ వేలిమీద నా సిరా ఆరి నల్లబడింది. ఇన్నేళ్ళూ పెదవి దాటని పేరుని గొంతు చించుకుని పిలుస్తోంది.

"ఓ దాలినాయుడో! నాను, గవరమ్మని. వచ్చీసినాను."

కమాండరు తుపాకీ భుజాన వేసుకుని, ఆ గొంతు వినబడుతున్న వైపు నడిచాడు.